ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర వెలగడం లేదు

చిక్కడపల్లి నుంచి ఒక పాఠకురాలు తన ఫోనులోనే టైపు చేసి సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. ఆమెకు యాభై రెండేళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఇంట్లోనే తెలుగు డీటీపీ చేస్తున్నారు. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, ఏడాదికి రెండు మూడు పెద్ద పుస్తకాలు. ఇప్పుడున్న డెస్క్‌టాప్ 2018లో మరిది కొడుకు విడిభాగాలు కొని తెచ్చి బిగించి ఇచ్చాడు. ఎనిమిదో తరం ఐ3 ప్రాసెసర్ అని పెట్టె మీద ఉందట. మొన్న శుక్రవారం సాయంత్రం గాలివానకు కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. మర్నాడు బటన్ నొక్కితే లోపల ఫ్యాన్లు తిరిగాయి, లైటు వెలిగింది, మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని చూపించి నల్లబడింది. ఒక్కోసారి రెండు సెకన్లు తిరిగి ఆగి, మళ్ళీ దానంతట అదే మొదలవుతోంది. వీధి చివరి మెకానిక్ వచ్చి మూత తీసి, పది నిమిషాల్లో మదర్‌బోర్డు పోయిందని తేల్చి నాలుగు వందలు తీసుకున్నాడు. బోర్డు మార్చడానికి తొమ్మిదిన్నర వేలు, క్యాబినెట్ తనతో పంపాలి, వారం పడుతుంది అన్నాడు.

ఆ కంప్యూటర్‌లో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి 340 పేజీల పుస్తకం ఉంది. మూడో ప్రూఫు దిద్దుబాట్లు సగం అయ్యాయి. ఆవిష్కరణ పన్నెండు రోజుల్లో. అడ్వాన్సు ముట్టింది, ఖర్చయింది కూడా. పెన్‌డ్రైవ్‌లో ఉన్న నకలు రెండు నెలల నాటిది. భర్త ‘ఆ డబ్బా పారేసి ల్యాప్‌టాప్ కొనుక్కో’ అంటున్నారు. మరిది కొడుకును అడగడానికి మొహం చెల్లడం లేదు. ఉగాది భోజనాల దగ్గర అందరి ముందూ ‘నువ్వు పెట్టిన కంప్యూటర్ ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోతోంది’ అన్నారట. అతను ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఫోను కూడా చెయ్యలేదు. బోర్డు నిజంగా పోయిందా, మెకానిక్‌కు ఇవ్వాలా, ల్యాప్‌టాప్ కొనాలా, రచయితకు చెప్పాలా, ఆ పిల్లవాడిని ఎలా పలకరించాలి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, రోజులు తక్కువ గనుక ఉత్తరం అందిన మర్నాడే సమాధానం రాస్తున్నాను. బోర్డు గురించి మీరు ఎంతో రాశారు. నాకు మాత్రం అసలు సంగతి మీరు మాటవరసకు రాసిన మూడు వాక్యాల్లో కనబడింది. యూపీఎస్ కీచుకీచుమంటుంటే జనవరిలో తీసి మంచం కింద పెట్టేశామని ఒకచోట రాశారు. రోజూ ఉదయం తారీఖు 2018కి వెళ్ళిపోతోంది, ఎఫ్1 నొక్కమంటే నొక్కుతున్నాను అని ఇంకోచోట. క్యాబినెట్ మీద చెయ్యి పడితే జిల్లుమంటుంది, అందుకని చెక్కపీట మీద కాళ్ళు పెట్టుకుని పని చేస్తానని చివర్లో. వీటి దగ్గరికి మళ్ళీ వస్తాను. ముందు పుస్తకం సంగతి చూద్దాం, ఎందుకంటే దానికి గడువుంది, కంప్యూటర్‌కు లేదు.

మీరు పుస్తకాన్నీ కంప్యూటర్‌నూ ఒకటే అనుకుంటున్నారు. పుస్తకం ఉన్నది హార్డ్ డిస్కులో. బోర్డు పోయినా, కరెంటు పెట్టె పోయినా డిస్కు సాధారణంగా చెక్కుచెదరదు. దాన్ని ఊడదీసి మరో కంప్యూటర్‌కు రెండో డిస్కుగా తగిలిస్తే ఫైళ్ళు కనబడతాయి. మీకు చేతనైన పనే ఇది. ప్లగ్గు పూర్తిగా పీకెయ్యండి. పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. పక్క మూత తీశాక ముందు ఫోనుతో రెండు ఫొటోలు తీసుకోండి, ఏ తీగ ఎక్కడుందో తర్వాత గుర్తుండదు. చిన్న పుస్తకమంత లోహపు పెట్టె కనబడుతుంది కదా, అదే డిస్కు. దానికి వెనుక రెండు తీగలు ఉంటాయి, ఒకటి సన్నది, ఒకటి వెడల్పుది. రెండూ లాగి, మరలు విప్పితే చేతిలోకి వస్తుంది. కింద పడకుండా చూసుకుంటే చాలు.

తగిలించడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలి? చిక్కడపల్లిలో ఉంటూ మీరు ఈ సందేహం పడకూడదు. మీ చుట్టుపక్కల సందుల్లో డీటీపీ సెంటర్లు, ప్రెస్సులు ఎన్ని ఉన్నాయో నాకన్నా మీకే బాగా తెలుసు. వాళ్ళ దగ్గర డెస్క్‌టాప్ ఉంటుంది, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఉంటుంది, తెలుగు అను ఫాంట్లూ ఉంటాయి. కాబట్టి అక్కడ ఫైళ్ళు నకలు తీసుకోవడమే కాదు, రాత్రిపూట ఆ కుర్చీలోనే కూర్చుని మిగిలిన దిద్దుబాట్లు పూర్తి చేసుకోవచ్చు. పేజీకి ఇంత అనో, రాత్రికి ఇంత అనో మాట్లాడుకోండి. సాటి పనివాళ్ళ దగ్గరికి వెళ్తే ఖాతాదారుడు చెయ్యి జారిపోతాడేమో అన్న భయం ఉండొచ్చు. ఉంటే, డిస్కును బయటి నుంచి యూఎస్‌బీకి తగిలించే అడాప్టర్ వెయ్యి రూపాయల పైచిలుకులో దొరుకుతుంది. మీది పెద్ద సైజు డిస్కు గనుక సొంతంగా కరెంటు ఇచ్చే ప్లగ్గు ఉన్న రకమే తీసుకోవాలి, లేకపోతే డిస్కు తిరగదు. దాంతో ఏ బంధువుల ల్యాప్‌టాప్‌లోనైనా నకలు తీసుకోవచ్చు. అయితే అక్కడ పేజ్‌మేకర్, అను ఫాంట్లు లేకపోతే ఫైలు చేతికి వస్తుంది గానీ పని సాగదు. ఫాంటు లేని చోట మీ తెలుగంతా ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గందరగోళంగా కనబడుతుందని మీకు చెప్పనక్కర లేదు. పక్కవారి దగ్గర కూర్చున్నా అను వెర్షన్ మీదేనా అని ముందు చూసుకోండి. తేడా ఉంటే పంక్తులు జరిగి, దిద్దిన పేజీలు మళ్ళీ దిద్దుకోవలసి రావచ్చు.

డిస్కు తగిలించినప్పుడు రెండు జాగ్రత్తలు. తెర మీద ‘ఫార్మాట్ చెయ్యాలా’ అని అడిగితే పొరపాటున కూడా అవునని నొక్కకండి. డిస్కులోంచి టక్ టక్ మని లయగా చప్పుడు వస్తే వెంటనే ఆపెయ్యండి. ఆ రెండోది జరిగితే అది డేటా తీసేవాళ్ళ పని, చాలా ఖరీదైన పని కూడా. కానీ మీరు రాసిన లక్షణాలు అటు చూపించడం లేదు.

ఇంకొకటి. రెండో ప్రూఫు రచయితకు కాగితం మీద ఇచ్చారా, పీడీఎఫ్ పంపారా? పంపి ఉంటే అది ఇప్పటికీ మీ మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఉంటుంది, ఇవాళే వెతకండి. అను ఫాంటులో చేసిన పీడీఎఫ్ నుంచి అక్షరాలను తిరిగి పేజ్‌మేకర్‌లోకి తెచ్చుకోవడం పెద్ద తలనొప్పి. అయినా దిద్దనవసరం లేని పేజీలను అలాగే అచ్చుకు పంపి, తప్పులున్న పేజీలను మాత్రం మళ్ళీ కంపోజ్ చేసుకోవచ్చు. అన్నీ విఫలమైనా పుస్తకం పూర్తిగా పోలేదని తెలిస్తే కనీసం ఈ రాత్రి నిద్రపడుతుంది.

రచయితకు చెప్పే విషయంలో రెండు దారులున్నాయి. ఇవాళే చెబితే ఆయన కంగారుపడి రోజుకు నాలుగుసార్లు ఫోను చేస్తారు, ఆ ఫోన్లతోనే మీ పని సగం ఆగుతుంది. పది రోజులు దాచి చివర్లో చెబితే ఆవిష్కరణ మాత్రమే కాదు, ఆయన దగ్గర మీ మాట కూడా పోతుంది. నేనైతే డిస్కు చదివి చూసేదాకా, అంటే ఒక్క రోజు, ఆగుతాను. ఫైలు కనబడితే ‘కంప్యూటర్ పాడైంది, పుస్తకం భద్రంగా ఉంది, ఇంకోచోట పూర్తి చేస్తున్నాను, రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు’ అని ఫోను చేస్తాను. కనబడకపోతే ఆ సాయంత్రమే స్వయంగా ఇంటికి వెళ్ళి చెబుతాను. అప్పటికి పదకొండు రోజులుంటాయి, ఆయన దగ్గరున్న ప్రూఫు కాగితాల మీది దిద్దుబాట్లతో ఏదైనా చెయ్యడానికి వీలుంటుంది.

ఇక బోర్డు సంగతి. మీ మెకానిక్ మోసగాడని నేను అనను. కానీ ఆయన చెప్పింది పరీక్ష చేసి తేల్చిన మాట కాదు. బోర్డు మీద కాలిన మచ్చ గానీ, పైభాగం ఉబ్బిన కెపాసిటర్ (కరెంటు నిల్వ చేసే చిన్న డబ్బీ) గానీ చూపించి ఉంటే వేరు సంగతి. మీరు అలాంటిదేమీ రాయలేదు. అవి లేనప్పుడు బోర్డు పోయిందని తేల్చడానికి ఉన్న దారి ఒక్కటే, మిగిలినవన్నీ మార్చి చూసి చివరికి బోర్డు దగ్గరికి రావడం. పది నిమిషాల్లో, చేతిలో వేరే ర్యామ్ (పని జరిగేటప్పుడు వాడే మెమరీ పలక) గానీ వేరే ఎస్ఎంపీఎస్ (ఇందాక చెప్పిన కరెంటు పెట్టె) గానీ లేకుండా అది సాధ్యం కాదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి గనుక కరెంటు బాగానే వస్తోందని ఆయన అనుకుని ఉంటాడు. చాలామంది అలాగే అనుకుంటారు. ఎస్ఎంపీఎస్ అనే ఆ ఇనుప పెట్టె గోడ నుంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా విడగొట్టి ఇస్తుంది. ఫ్యాన్లకు కావలసింది 12 వోల్టులు మాత్రమే. అది అటూ ఇటూగా ఉన్నా అవి తిరుగుతాయి, వాటికి పట్టింపు లేదు. ప్రాసెసర్‌కు, ర్యామ్‌కు అలా కుదరదు. అన్ని వోల్టేజీలూ స్థిరపడ్డాక, అంతా సరిగ్గా ఉందని ఎస్ఎంపీఎస్ బోర్డుకు ఒక సంకేతం పంపాలి. అది రాకపోతే బోర్డు పని మొదలుపెట్టదు. రెండు సెకన్లకు ఆగి మళ్ళీ మొదలవడానికి బలహీనపడిన ఎస్ఎంపీఎస్ ఒక కారణం కావచ్చు, ర్యామ్ పట్టు వదలడం మరొకటి. బోర్డు కూడా కావచ్చు, కాదనను. కాకపోతే అది వరసలో చివరిది, అన్నిటికన్నా ఖరీదైనదీ అదే.

ఇంట్లో మీరు చూడగలిగినవి మూడున్నాయి. ప్లగ్గు పీకి, ఇందాకటిలాగే బటన్ నొక్కి పట్టుకున్నాక ర్యామ్ పలకలు తీయండి. అవి బోర్డు మీద నిలువుగా నిలబడి, కొసల్లో చిన్న క్లిప్పులతో ఉంటాయి. అడుగున బంగారు రంగు గీతలను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, ఆ పొడి ఊడిపోయేలా దులపండి. వేసవిలో గదిలో కూలర్ పెట్టుకునే ఇళ్ళలో ఈ గీతల మీద తేమా ధూళీ కలిసి పొరకట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. పలక మధ్యలో ఉన్న గాడి ఒకవైపుకే సరిపోతుంది, టక్కుమని క్లిప్పు పడేదాకా నొక్కాలి. రెండు పలకలుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. పలక మంచిదే అయి బోర్డు మీది స్లాటు పాడైన సందర్భాలూ ఉంటాయి కనుక స్లాటు మార్చి కూడా చూడండి.

రెండోది మీరు రోజూ ఎఫ్1 నొక్కి దాటేస్తున్నది. తారీఖు వెనక్కి పోవడమంటే బోర్డు మీది రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయిందని. సీఆర్2032 అని అడగండి, 3 వోల్టులది, వాచీల దుకాణంలో కూడా ఉంటుంది, ఖరీదు వంద లోపే. ఇది అయిపోయినంత మాత్రాన సాధారణంగా కంప్యూటర్ ఆగదు, కానీ కొన్ని బోర్డులు అది పూర్తిగా చచ్చాక మొండికేస్తాయి. పాతది తీసి ఐదు నిమిషాలు ఆగి, కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. అలా ఆగితే బోర్డు పాత అమరికలన్నీ మరిచిపోయి మొదటికి వస్తుంది, కొన్నిసార్లు అదే మందు.

మూడోది మానిటర్ తీగ. నవ్వకండి. నేను ఒకప్పుడు ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా బస్సులో క్యాబినెట్ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. దుకాణంలో కుర్రవాడు మానిటర్ తీగ పీకి పక్క సాకెట్‌లో పెట్టాడు, తెర వెలిగింది. డబ్బులు వద్దన్నాడు గానీ నన్నొక చూపు చూశాడు, అది ఇప్పటికీ గుర్తుంది. మీ దాంట్లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదన్నారు గనుక సాకెట్ మారే అవకాశం లేదు, తీగ కొస వంగిందేమో చూస్తే చాలు.

ఇవి చేసినా వెలగకపోతే ఇక ఇంట్లో ఆపండి. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరు చెప్పినా విప్పవద్దు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో మూడు వందల వోల్టుల పైన నిలిచి ఉండవచ్చు.

అప్పుడు మీ ముందు రెండు దారులుంటాయి. ఒకటి, అదే మెకానిక్‌ను పిలిచి ‘మరో ఎస్ఎంపీఎస్ తెచ్చి నా ఎదురుగా తగిలించి చూపించండి’ అనడం. నిజాయితీపరుడైతే తెస్తాడు. గొణిగితే మీకు జవాబు దొరికినట్టే. ఇందులో లాభం మోత లేకపోవడం, నష్టం అతని దగ్గరున్న సామాను మీదే ఆధారపడటం. రెండోది, ఆటోలో వేసుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అదే అందరూ సీటీసీ అనేదానికి, తీసుకువెళ్ళడం. అక్కడ విడిభాగాలన్నీ చేతికందే దూరంలో ఉంటాయి గనుక మార్చి చూడటం వాళ్ళకు సులువు. ఒక పూట పోతుంది, నాలుగు దుకాణాలు తిరిగే ఓపిక కావాలి. అక్కడ ‘బోర్డు పోయింది’ అని మొదలుపెట్టకండి. బోర్డు మార్చమని అడిగినవారికి బోర్డే మారుస్తారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర రావడం లేదు, రెండు సెకన్లకు ఆగి మళ్ళీ మొదలవుతోంది అని మాత్రం చెప్పండి.

ఎవరికిచ్చినా క్యాబినెట్ ఇవ్వండి, డిస్కు ఇవ్వకండి. డిస్కు లేకపోయినా తెర మీద బోర్డు కంపెనీ గుర్తు వస్తుంది, అమరికల పేజీ తెరుచుకుంటుంది. బోర్డు బతికి ఉందో లేదో తేలడానికి అంతకన్నా అక్కర లేదు. వారం రోజులు పరాయి దుకాణంలో మీ పంతొమ్మిదేళ్ళ పని, ఖాతాదారుల ఫోను నంబర్లు ఎందుకు ఉండాలి? ఏం మారుస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి, తీసేసిన పాత భాగం తిరిగి ఇవ్వమనండి.

తేలింది ఎస్ఎంపీఎస్ అయితే రెండు మూడు వేలలో మంచిదే వస్తుంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే తేలికపాటి పెట్టె మాత్రం వద్దు. నిజంగానే బోర్డు అయితే కొంచెం ఆలోచించాలి. ఎనిమిదో తరం ప్రాసెసర్‌కు 300 సిరీస్ బోర్డే కావాలి. అంతకు ముందు ఆరు, ఏడు తరాల బోర్డులకూ ప్రాసెసర్ కూర్చునే చోట అవే 1151 కాంటాక్టులు ఉంటాయి, చూపులకు సరిపోతున్నట్టే ఉంటుంది, పని చెయ్యదు. ఇప్పుడు ఆ పాత రకం కొత్త సరుకుగా దొరకడం కష్టం, వాడి బాగుచేసినవే ఎక్కువ. తొమ్మిదిన్నర వేలు పెట్టేముందు అది కొత్తదో పాతదో, వారంటీ ఎన్ని నెలలో అడగండి. జవాబు తడబడితే ఆ డబ్బుకు మరికొంత కలిపి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కొత్తవి తీసుకోవడమే మేలు. క్యాబినెట్, డిస్కు, మానిటర్ పాతవే పనికొస్తాయి. బోర్డు మారితే విండోస్ మళ్ళీ యాక్టివేషన్ అడగవచ్చు, అదీ ముందే మాట్లాడుకోండి.

మీవారు చెప్పిన ల్యాప్‌టాప్ చెడ్డ ఆలోచన కాదు. కరెంటు పోయినా బ్యాటరీ ఉంటుంది, ఈ ఎస్ఎంపీఎస్ గొడవలు ఉండవు. కానీ ఈ పన్నెండు రోజుల్లో వద్దు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. కొత్త విండోస్‌లో దాన్ని నడుపుకుంటున్నవారు ఉన్నారు, కానీ మొదటి రోజే కుదురుకుంటుందన్న హామీ లేదు. ఫాంట్లు, కీబోర్డు అమరిక, ప్రింటరు అన్నీ మొదటి నుంచి కూర్చుకోవాలి. ఆవిష్కరణ అయ్యాక, మనసు నిమ్మళంగా ఉన్నప్పుడు చూసుకోండి. మీ పాత యంత్రం బాగుపడినా ఒక పని మిగిలి ఉంటుంది. అందులో ఇంకా విండోస్ 10 ఉంటే, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎనిమిదో తరం ప్రాసెసర్ విండోస్ 11కు అర్హమైనదే.

ఇక అన్నిటికన్నా కష్టమైన ఫోను. మీరే రాసిన తారీఖులు పక్కపక్కన పెట్టి చూడండి. యూపీఎస్ తీసేసింది జనవరిలో. కంప్యూటర్ ఎప్పుడు పడితే అప్పుడు ఆగిపోవడం మొదలైంది ఆ తర్వాత. ఆ పిల్లవాడు యూపీఎస్ బ్యాటరీ మార్చమని పోయిన దసరాకే చెప్పాడని కూడా మీరే రాశారు. కరెంటు రెప్పపాటు పోయినా ఎస్ఎంపీఎస్ నిలబెట్టగలిగేది సెకనులో చిన్న భాగం మాత్రమే. ఫ్రిజ్‌తో కలిపి ఒకే ఎక్స్‌టెన్షన్ పెట్టెకు తగిలించామని రాశారు కనుక, ఫ్రిజ్ మోటారు అందుకున్నప్పుడల్లా వోల్టేజీ కుంగి ఉండవచ్చు. ఉగాది నాడు మీరు అతని మీద వేసిన నేరం చాలావరకు అతనిది కాదు. తన తప్పు కాదని అతనికి తెలుసు, అందరి ముందూ పెద్దమ్మకు ఎదురు చెప్పడం ఇష్టం లేక ఊరుకుని ఉంటాడు.

అతన్ని వదిలేసి సీటీసీకి వెళ్ళవచ్చు, పని జరుగుతుంది. కానీ చుట్టాల్లో ఈ మాట దాగదు, ‘నన్ను అడగను కూడా అడగలేదు’ అనే బాధ మొదటిదానికి తోడవుతుంది. పుస్తకం పని అయ్యాక తీరిగ్గా మాట్లాడదామనుకోవచ్చు, అదీ తప్పు కాదు, అవసరానికి పిలిచారన్న మాట రాదు. అయితే ఒక లౌకికమైన సంగతి ఉంది. విడిభాగాల బిల్లులు అతని దగ్గరే ఉంటాయి. కొన్ని కంపెనీల ర్యామ్‌కు పదేళ్ళ దాకా వారంటీ ఉంటుంది, మీది 2018 నాటిది. లోపం అక్కడే తేలితే ఆ కాగితం ఉపయోగపడుతుంది. నన్నడిగితే ఇవాళే చెయ్యమంటాను. కంప్యూటర్ పాడైందని మొదలుపెట్టవద్దు. ‘బాబూ, యూపీఎస్ బ్యాటరీ మార్చమని నువ్వు చెప్పావు, నేను వినలేదు, పైగా పండగ పూట నిన్నే అన్నాను’ అని ముందు ఆ మాట చెప్పి, అతను ఏదో ఒకటి అనేదాకా ఆగండి. కంప్యూటర్ ఊసు అతనే ఎత్తుతాడు. ఎత్తకపోతే ఆ రోజుకు అక్కడితో వదిలేసి డిస్కు పట్టుకుని పక్క వీధికి వెళ్ళండి.

ఆ జిల్లుమనడం మిగిలింది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడం వల్లనో, గోడ సాకెట్‌లో ఎర్త్ తీగ తెగిపోవడం వల్లనో క్యాబినెట్‌కు అలా కరెంటు తగులుతుంది. చెక్కపీట దానికి విరుగుడు కాదు. కొత్త భాగమేదీ తగిలించకముందే ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ సాకెట్‌కు ఎర్త్ సరిచేయించండి, ఫ్రిజ్‌ను వేరే సాకెట్‌కు మార్పించండి. మంచం కింద ఉన్న యూపీఎస్‌ను పారెయ్యకండి. చాలావరకు పోయేది అందులోని 12 వోల్టుల బ్యాటరీయే. పాతది పట్టుకెళ్ళి ఇస్తే సీసం విలువ కొంత తగ్గించుకుని బ్యాటరీల దుకాణంలో కొత్తది ఇస్తారు.